తమిళ గృహిణియు తిథివ్రతములును

ఉగాదితో సంవత్సరమును ఆరంభించు మన తెలుగు గృహిణికి నెల యనగా చంద్రుని నెలయే. అది పాడ్యమితో పుట్టి అమావాస్యతో ముగియును. తమిళదేశమున నట్లు కాదు. అచ్చట సూర్యుడు ఒక రాశినుండి మఱియొక రాశిలో ప్రవేశించినపుడు నెల పుట్టును. ఏప్రిల్ 14వ తేది ప్రాంతమున సూర్యుడు మేషరాశిని చేరగా చిత్తిరై నెలయు, దానితోపాటు క్రొత్త సంవత్సరమును ఆరంభమగును. పిమ్మట వైగాసి, ఆని, ఆడి, ఆవణి, పురట్టాసి, ఐప్పసి, కార్తిగై, మార్గళి, తై, మాసి, పంగుని యను నెలలు వరుసగా వచ్చును. ఈ నెలలలో కొన్నిటికి 29 దినములు, కొన్నిటికి 32 దినములు కూడ నుండును. అధికమాసమను మాట ఆ లెక్కలో లేదు.

అయినను ఆ గృహములలో ఉపవాసములును, పితృకార్యములును, దేవాలయ దర్శనములును చాలవఱకు చంద్రునిబట్టియే జరుగుచుండును. నెల సూర్యునిది, నోము చంద్రునిది. ఈ రెండు లెక్కలను సరిచూచుకొనుచు, ఏనాడు ఉల్లిపాయ తరుగరాదో, ఏనాడు బియ్యము పొయ్యిమీది కెక్కరాదో, ఏనాడు వాకిట ముగ్గు పెట్టరాదో జ్ఞాపకముంచుకొనునది ఆ యింటి గృహిణి. నాయకరాజుల కాలమునుండి మధుర, తంజావూరు మున్నగు సీమలలో స్థిరపడిన తెలుగు కుటుంబములు గలవు. ఉద్యోగమునకై, వ్యాపారమునకై చెన్నపట్టణము చేరిన మనవారును అనేకులు. వారికి ఈ ఆచారములు ఇరుగుపొరుగుల యాచారములు. కొందఱికి వియ్యాలవారి యాచారములు కూడ. కావున అవి యెట్టివో, వానిలో గృహిణి పాలెంతయో, ఆ భారము నెంతవఱకు మోయుట న్యాయమో ఈ వ్యాసమున విచారింతము.

నెలలో తొమ్మిది దినములు

ఒక అమావాస్యనుండి మఱుసటి అమావాస్యకు సుమారు 29½ దినములు. అట్టి నెలలు పండ్రెండు కూడగా 354 దినములగును. సూర్యుని సంవత్సరము 365 దినములు. ఏటేట మిగులు ఈ 11 దినములను సరిపెట్టుటకే మనము రెండు మూడేండ్ల కొకమారు అధికమాసమును చేర్చుకొందుము. తమిళులకు నెలలు సూర్యునివే గనుక ఆ యవసరము లేదు. అందుకు బదులుగా ఒక్కొక్కయెడ ఒకే నెలలో రెండు అమావాస్యలుగాని, రెండు పౌర్ణములుగాని తటస్థించును.

పెరుగు చంద్రుని పక్షమును వారు వళర్‌పిఱై యందురు. తఱుగు చంద్రుని పక్షమును తేయ్‌పిఱై యందురు. ఈ రెండు పక్షములలో వారి గృహములందు ప్రసిద్ధమైన దినముల నెన్ని చూతము. అమావాస్య యొకటి, పౌర్ణమి యొకటి, ఏకాదశులు రెండు, శివునికై త్రయోదశి ప్రదోషములు రెండు, వినాయకునికై బహుళచతుర్థి యొకటి, మురుగన్ అని వారు పిలుచు సుబ్రహ్మణ్యస్వామికై శుద్ధషష్ఠి యొకటి, ఆయనకే కృత్తికా నక్షత్రము గల దిన మొకటి. మొత్తము తొమ్మిది. అనగా దాదాపు మూడు దినముల కొకటి! వీనిలో కృత్తిక మాత్రము తిథి కాదు, నక్షత్రము. చంద్రుడు బయలుదేరిన నక్షత్రమునకే తిరిగి వచ్చుటకు 27 దినములకు కొంచె మధికముగా పట్టును. అందుచేత కృత్తిక తిథులతో కలిసి నడువక, ప్రతి నెలయు ముందునకు జరుగుచుండును. ఇవి గాక శుక్రవారములు, మంగళవారములు వేఱుగా నున్నవి.

అయితే ఈ తొమ్మిదింటిని పాటించు ఇల్లు అరుదని మొదటనే చెప్పవలెను. వైష్ణవుల యిండ్లలో ఏకాదశి ప్రధానము. శివభక్తుల యిండ్లలో ప్రదోషము ప్రధానము. మురుగన్ కులదైవముగా గలవారికి షష్ఠి, కృత్తికలు ముఖ్యములు. అమావాస్య మాత్రము పితృదేవతలకు సంబంధించినది గనుక కులభేదము లేక బహుగృహములలో పాటింపబడుచున్నది. ఇట్లు ఎన్నుకొనుట ఆచారమునకు భంగము కాదు, ఆచారములోని భాగమే. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

పంచాంగములోని చిక్కు

తిథి యనునది సూర్యోదయముతో పుట్టి సూర్యోదయముతో ముగియునది కాదు. చంద్రుడు సూర్యునికంటె 12 భాగలు ముందునకు నడచినపుడెల్ల నొక తిథి గడచును. చంద్రుని నడక ఒకేరీతిగా నుండదు. కావున కొన్ని తిథులు 20 గంటలలోపుననే ముగియును, కొన్ని 26 గంటల వఱకు సాగును. ఒక తిథి మధ్యాహ్నము మొదలై మఱునాటి మధ్యాహ్నము వఱకున్నచో వ్రత మేనాడు? దీనికి ఒక్కొక్క వ్రతమునకు ఒక్కొక్క నియమము గలదు. ప్రదోషమునకు సాయంకాలమున త్రయోదశి యుండవలెను. సంకటహర చతుర్థికి చంద్రోదయ కాలమున చతుర్థి యుండవలెను. వైష్ణవులకు ఏకాదశి తెల్లవారుజామున దశమి సోకియుండరాదు. సోకినచో వారు మఱునాడు ఉపవసింతురు. అందుచేతనే ఒకే వీథిలో రెండిండ్లవారు రెండు దినములలో ఏకాదశి చేయుట కానవచ్చును.

ఇదియు గాక తమిళదేశమున రెండు విధములైన పంచాంగములు గలవు. పూర్వపు వాక్యముల ననుసరించి గణించునది వాక్య పంచాంగము. ఆకాశమున కానవచ్చు స్థితితో సరిపోవునట్లు గణించునది తిరుక్కణిత పంచాంగము. మనము దృగ్గణిత మనునది యిదియే. 19వ శతాబ్దమున మదరాసు వేధశాలలో పనిచేసి 1880లో కీర్తిశేషులైన చింతామణి రఘునాథాచార్యులవారు దృగ్గణిత పంచాంగమును ప్రకటించి, ఆకాశమున కానవచ్చుదానికి విరుద్ధముగా లెక్క యుండరాదని వాదించిరి. పంచాంగకర్తల వంశమున పుట్టిన యాయనయే ఈ సంస్కరణమునకు పూనుకొనుట గమనింపదగినది. నేటికిని రెండు పంచాంగములును చెల్లుచున్నవి. రెండింటికిని తిథి ముగియు వేళలో కొన్ని గంటల భేదము వచ్చుట కలదు. పెద్దలైన పండితులకే ఏకాభిప్రాయము లేని యీ విషయమున, కోడలు ఒక పూట పొరపడినంతనే మహాపరాధము జరిగినట్లు కోపించు అత్తగారు ఆలోచింపవలసి యున్నది.

అమావాస్య

మన తెలుగునాట అమావాస్యనాడు శుభకార్యమును మొదలిడుటకు జంకెదము. తమిళులలో పెక్కండ్రు దానిని ‘నిఱైంద అమావాసై’, అనగా నిండు అమావాస్య యని మంచిదినముగా నెంచి, క్రొత్త పనిని, క్రొత్త వ్యాపారమును ఆనాడు ప్రారంభింతురు. పితరుల యాశీర్వాదము లభించు దినము చెడ్డదెట్లగునని వారి తలంపు.

ఆనాడు తండ్రిని గోల్పోయిన పురుషుడు నల్లనువ్వులతోను, నీటితోను తర్పణము విడుచును. ఆ కార్యము ముగియువఱకు వాకిట కోలము, అనగా ముగ్గు, పెట్టని యిండ్లనేకములు. దినదినము తెల్లవాఱకమునుపే బియ్యపుపిండి ముగ్గుతో కళకళలాడు వాకిలి ఆ ప్రొద్దున బోసిగా నుండుటను చూచియే వీథిలోనివారు అమావాస్య యని గుర్తింతురు. వంటలో ఉల్లి, వెల్లుల్లి యుండవు. పచ్చి అరటికాయ కూర తఱచుగా నుండును. వండిన యన్నమును మొదట కాకికి పెట్టి, కాకి ముట్టిన పిమ్మటనే ఇంటిలోనివారు భుజింతురు. గోవునకు అవిసె ఆకు మేపుటయు వాడుక. ఆడి, తై నెలలలోని అమావాస్యలును, పురట్టాసిలో వచ్చు మహాలయ అమావాస్యయు విశేషములు. ఆ దినములలో రామేశ్వరమున అగ్నితీర్థమునందును, శ్రీరంగమున అమ్మామండపముకడ కావేరియందును జనులు క్రిక్కిఱిసి యుందురు.

తై అమావాస్యను గూర్చి తమిళ స్త్రీలు భక్తితో చెప్పుకొను కథ యొకటి గలదు. మైలాడుతుఱైకి సమీపమున తిరుక్కడయూరను క్షేత్రమున అభిరామి యను పేర దేవి వెలసియున్నది. తంజావూరు నేలిన మహారాష్ట్ర ప్రభువు శరభోజి ఆ యాలయమునకు వచ్చిన దినము తై అమావాస్య. దేవీధ్యానమున మునిగియున్న అభిరామి భట్టరును రాజు నేడేమి తిథి యని యడుగగా, కన్నులలో దేవి ముఖకాంతియే నిండియున్న యాయన పౌర్ణమి యని బదులు చెప్పెనట. ఆ రాత్రి చంద్రుడు పొడసూపనిచో ప్రాణములు దక్కవని రాజు శాసించెను. భట్టరు నిప్పులగుండముపై వ్రేలాడుచు అభిరామి అంతాదిని పాడుచుండగా దేవి తన చెవి తాటంకమును ఆకాశమున కెగురవైచెను. అది పున్నమి చంద్రునివలె వెలిగెను. అంతాదిలోని నూఱు పద్యములను నేటికిని స్త్రీలు ఇండ్లలో పారాయణము చేయుదురు.

ఈ కథ నింత యాదరముతో చెప్పుకొను జనులు దాని యర్థమునుగూడ గ్రహించిన బాగుండును. తిథిని తప్పు చెప్పినవానిని రాజు శిక్షింపబూనెను, దేవి శిక్షింపలేదు. లెక్కకంటె మనస్సును ఆమె పెద్దగా జూచెను.

పౌర్ణమియు, కృత్తికయు

తమిళ పర్వములలో పెక్కింటికి ఆ నెలలో పున్నమి ప్రాంతమున వచ్చు నక్షత్రమే పేరు. వైగాసి విశాఖము, తై పూసము, మాసి మఘము, పంగుని ఉత్తిరము మున్నగున వట్టివే. పూసమనగా మన పుష్యమి, ఉత్తిరమనగా మన ఉత్తర. నెల సూర్యునిది, నక్షత్రము చంద్రునిది. రెండును కలిసినచోట పండుగ.

పున్నమినాడు తిరువణ్ణామలైలో అరుణాచలము చుట్టు సుమారు 14 కిలోమీటర్ల దూరము కాలినడకను ప్రదక్షిణము చేయుదురు. దానిని గిరివలమందురు. పేద, ధనిక, ముత్తైదువ, విధవ, కన్య, వృద్ధురాలు అను భేదము ఆ త్రోవలో లేదు. ఆలయములలో దీపపూజలు జరుగును. స్త్రీలు వరుసలుగా కూర్చుండి, ఎవరి కుత్తువిళక్కును, అనగా దీపపు కుందిని, వారు ముందుంచుకొని పూజింతురు.

కార్తిగై నెలలో కృత్తికానక్షత్రమునాడు కార్తిగై దీపము. తిరువణ్ణామలై కొండ శిఖరమున మహాదీపము వెలుగగా, ఇంటింట గడపలమీదను, గోడలమీదను ప్రమిదలు వెలుగును. బెల్లపు పాకముతో చేసిన పేలాల యుండలు నివేదనము. కొన్ని కుటుంబములలో ఆనాడు ఆడుపడుచులు తమ సోదరుల క్షేమమునకై దీపములు వెలిగింతురు. ఆడి నెలలోని కృత్తికకు తిరుత్తణి ప్రసిద్ధము. భక్తులు పూలకావడు లెత్తుకొని కొండ నెక్కుదురు. ఆ తిరుత్తణి ఒకప్పుడు మన చిత్తూరు జిల్లాలోనిదే. 1960 ఏప్రిల్ 1వ తేదిన ఎల్లలు మార్చినపుడు అది మదరాసు రాష్ట్రమున చేరెను. ఎల్లలు మాఱినను చిత్తూరు ప్రాంతపు తెలుగువారు అక్కడి మ్రొక్కులు మానలేదు.

ప్రదోషము, సంకటహర చతుర్థి

త్రయోదశినాటి సాయంకాలము 4½ గంటలు మొదలు 6 గంటల వఱకు శివాలయములలో నందికి అభిషేకము జరుగును. హాలాహలమును మ్రింగిన శివుడు ఆ వేళ నంది కొమ్ముల నడుమ నృత్యము చేసెనని వారి నమ్మకము. నందికి గరికమాల వేయుదురు. నానవేసిన బియ్యమున బెల్లము కలిపి కాప్పరిసి యను పేర నివేదింతురు. శనివారమున వచ్చు ప్రదోషమునకు మఱింత మహిమ. తంజావూరు బృహదీశ్వరాలయమున ఏకశిలయందు చెక్కబడిన పెద్దనంది నాయకరాజుల కాలమునాటిది. దానికి జరుగు ప్రదోషాభిషేకమును చూచుటకు ఊళ్లనుండి వచ్చువారు పలువురు. ఈ వ్రతమున స్త్రీకి నొక సౌఖ్యము గలదు. పని గుడిలో జరుగును గాని వంటయింట జరుగదు. ఆమెకు ఆ గంటన్నర సేపు ఇల్లు వెడలి చల్లనివేళ నలుగురితో కూర్చుండు నవకాశము లభించును.

సంకటహర చతుర్థి యిందుకు భిన్నము. పున్నమి దాటిన నాలవతిథినాడు పగలెల్ల నుపవసించి, చంద్రుని చూచి, వినాయకునికి కుడుములు నివేదించి పిమ్మట భుజింపవలెను. పున్నమినాడు సూర్యాస్తమయ సమయమున నుదయించు చంద్రుడు ఆపై దినమునకు సుమారు 50 నిమిషముల చొప్పున ఆలస్యముగా నుదయించును. కావున చతుర్థినాడు చంద్రదర్శనమగునప్పటికి రాత్రి 9 గంటల ప్రాంతమగును. మబ్బు పట్టినచో ఇంకను ఆలస్యము. తెల్లవారుజామున లేచి పిల్లలను బడికి పంపి, ఉద్యోగమునకు పోయివచ్చి, మరల కుడుములు చేసి, చంద్రునికై మేడపై నిలుచున్న స్త్రీ యెట్టి యలసట పొందునో పురుషులు కనిపెట్టవలెను.

షష్ఠియు, సంతానమును

ఐప్పసి నెలలో దీపావళి అమావాస్య వెళ్లిన మఱునాటినుండి ఆఱు దినములు స్కందషష్ఠి వ్రతము. కడపటి దినమున తిరుచ్చెందూరు సముద్రతీరమున శూరసంహారోత్సవము జరుగును. దేవరాయస్వామి రచించిన స్కందషష్ఠి కవచమును ఇంటింట చదువుదురు. ప్రతి నెలయు శుద్ధషష్ఠినాడు ఉపవసించువారును గలరు.

ఈ షష్ఠిని గూర్చి తమిళమున ఒక సామెత వాడుకలో నున్నది. చట్టిలో ఉన్నచో ‘అగప్పై’కి వచ్చునని దాని పైయర్థము. అగప్పై యనగా గరిటె. చట్టియను మాటను షష్ఠిగాను, అగప్పై యను మాటను లోపలి సంచి, అనగా గర్భము గాను విడదీసి, షష్ఠినా డుపవసించినచో గర్భము నిలుచునని పెద్దలు చెప్పుదురు. మాటల పొందిక చక్కనిదే. విశ్వాసముతో ఆ వ్రతమును చేసి మనశ్శాంతి పొందిన స్త్రీలను మేము తక్కువ చేయము. కాని సంతానము లేని కోడలిచేత షష్ఠి వెంట షష్ఠి యుపవాసము చేయించి, ఫలము కానరానపుడు నీ భక్తిలోనే లోపమున్నదనుట క్రూరము. సంతానము కలుగకపోవుటకు పురుషునియందును కారణ ముండవచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. ఉపవాసము భార్యదే, నింద భార్యదే, వైద్యుని కడకు పోవలసినదియు భార్యయే యైనచో ఆ యింట ధర్మము సగమే యున్నదనవలెను. భార్యాభర్త లిరువురు వైద్యుని సలహా పొందుటకు మురుగన్ ఎన్నడును అడ్డుచెప్పడు.

ఏకాదశి, ద్వాదశి

ఏకాదశినాడు అన్నము కూడదు. దానికి మఱునాటి ద్వాదశి పారణ అందమైనది. ప్రొద్దుననే అవిసె ఆకు కూరయు, ఉసిరికాయ పచ్చడియు, ఉస్తికాయలును విస్తరిలో పడవలెను. చింతపండు వాడరు. వట్టి కడుపునకు పులుసుకంటె ఆకుకూర హితమని పూర్వులు కనిపెట్టి యుందురు. మార్గళి నెలలో వచ్చు వైకుంఠ ఏకాదశికి శ్రీరంగమున పరమపద ద్వారము తెఱతురు. ఆ రాత్రి జాగరణమునకై ఇండ్లలో పరమపద సోపానపట మాడుదురు. అది మన వైకుంఠపాళియే. నిచ్చెనలు, పాములు రెండిండ్లవారికిని ఒక్కటే.

అయితే ఏకాదశికి నొక చేదు చరిత్ర గలదు. పూర్వము బ్రాహ్మణ కుటుంబములలో మిగిలినవారికి ఐచ్ఛికమైన ఉపవాసము విధవకు నిర్బంధమై యుండెను. పది పండ్రెండేండ్ల బాలవిధవకును అది తప్పలేదు. అట్టి బాలవితంతువులలో నొకరైన ఆర్. యస్. సుబ్బలక్ష్మిగారు (1886–1969) చదువుకొని 1911లో పట్టభద్రురాలైరి. పిమ్మట చెన్నపట్టణమున బాలవితంతువులకై గృహమును నెలకొల్పి, వారిని ఉపాధ్యాయినులుగా తీర్చిదిద్దిరి. సముద్రతీరముననున్న ఐస్ హౌస్ భవనమున ఆ బాలికలు చదువుకొనిరి. మన వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తలపెట్టిన కార్యమునకు ఇది తోబుట్టువు వంటిది.

నేడు ఏకాదశి నిర్బంధము చాలవఱకు సడలినది. కాని వేఱొక నిర్బంధము మిగిలియున్నది. మాసి నెల ముగిసి పంగుని పుట్టు వేళ తమిళ ముత్తైదువలు కారడైయాన్ నోన్బు నోతురు. ఇది చంద్రునిది కాదు, సూర్యసంక్రమణమునకు చెందినది. సావిత్రీదేవిని తలచి, అలసందలును బెల్లమును చేర్చి వండిన అడలను వెన్నతో నివేదించి, మెడలో పసుపుత్రాడు కట్టుకొందురు. భర్తను గోల్పోయిన యత్తగారో, వదినెగారో అలసందలు వేయించి, పిండి విసరి యిచ్చినను, పూజవేళకు ప్రక్కగదిలో కూర్చుండవలెను. ప్రదోషమునాడు శివుడు ప్రక్కకు పొమ్మనలేదు. గిరివలమునాడు అరుణాచలము త్రోవ మూయలేదు. దేవు డడుగని ప్రశ్నను ఇంటివా రేల యడుగవలెను? ఆ తల్లికి ఒక అడ పెట్టి, ప్రక్కన కూర్చుండబెట్టుకొన్నంతమాత్రమున సావిత్రి కోపింపదు.

ఒక్కపొద్దు

తమిళమున ఒరుపొళుదన్నను, తెలుగున ఒక్కపొద్దన్నను పూటభోజనమే. మాటయు ఒక్కటే, అనుభవమును ఒక్కటే. పురుషునికి ఒక్కపొద్దనగా రాత్రి అన్నము లేదని యర్థము. స్త్రీకి ఒక్కపొద్దనగా అన్నమునకు బదులు దోసెలకో, ఇడ్డెనలకో, ఉప్పుమాకో పూనుకొనవలెనని యర్థము. వ్రతము పట్టినవారికి ఫలాహారము, పట్టనివారికి అన్నము, పిల్లలకు మఱియొకటి. ఉపవాసమున్న స్త్రీయే ఈ మూడింటిని వండవలసి వచ్చును. నెలలో తొమ్మిది దినములని మనము మొదట నెన్నినది ఇందుకొఱకే.

ఆమె శరీరస్థితి యెట్టిది? 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనత గలవారు. అట్టివారు మాటిమాటికి పస్తుండుట మంచిది కాదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, మధుమేహమునకు మందులు వాడువారు వైద్యుని యడుగక ఉపవసింపరాదు. మధుమేహము గలవారు మందు పుచ్చుకొని ఆహారము మానినచో రక్తమున చక్కెర ప్రమాదకరముగా తగ్గును. మఱియొక దురలవాటు నేడు వ్యాపించినది. వ్రతదినమున బహిష్టు కాకుండుటకై వైద్యుని సలహా లేకయే మాత్రలు మ్రింగువారు కలరు. ఇది తగదు. ఆ దినమున దీపము వెలిగించుటకు ఇంట పురుషుని చేతులు లేవా?

ధర్మశాస్త్రము మనకంటె దయగలది. ఏకాదశి యుపవాసమును ఎనిమిదేండ్ల లోపువారికిని, ఎనుబదేండ్లు దాటినవారికిని అది విధింపలేదు. నీరు, దుంపలు, పండ్లు, పాలు, ఔషధము మున్నగునవి పుచ్చుకొన్నను వ్రతభంగము కాదని చెప్పినది. గురువు మాటపై భుజించినను దోషము లేదన్నది. శాస్త్ర మిచ్చిన ఈ సడలింపును ఇంటిలోనివారు ఇయ్యకుండుట శాస్త్రభక్తి యనిపించుకొనదు.

తిరునెల్వేలి, నాంజిల్ సీమలలో ఔవైయార్ నోన్బను నొక స్త్రీల నోము గలదు. ఆడి, తై, మాసి నెలల మంగళవారములలో రాత్రివేళ స్త్రీలు మాత్రమే కూడి, ఉప్పులేని బియ్యపుపిండి కుడుములు వండి, కథ చెప్పుకొని, తామే భుజింతురు. మగవారు, మగశిశువులు కూడ దానిని చూడరాదు. ఆ నోమున స్త్రీ యెవరికిని వడ్డింపదు, తినుటకు కడపటివఱకు కాచుకొనదు. వ్రతమనునది స్త్రీకి విశ్రాంతిగాను, చెలిమిగాను కూడ నుండవచ్చునని ఆ పల్లెటూరి సోదరీమణులు ఏనాడో కనిపెట్టిరి.

కావున తమిళదేశమున కాపురమున్న తెలుగు సోదరీమణులును, తమ యింటనే ఇట్టి వ్రతములు గల యితర సోదరీమణులును ఈ కొన్ని మాటలు యోచింతురు గాక. తొమ్మిదింటిలో మీ కులదైవమునకును మీ మనస్సునకును దగ్గఱయైన యొకటి రెండింటిని ఎన్నుకొనుడు. మిగిలిన దినములలో ఒక నమస్కారము చాలును. వ్రతదినమున ఇంటిల్లపాదికి ఒకే వంట యుండవలెను. భార్య తినునదే భర్తయు తినవలెను. తర్పణము విడుచు భర్త ఆ పూట అరటికాయలు తరిగి యిచ్చినచో పితృదేవతలు తప్పక సంతోషింతురు. నీరసముగా నున్న దినమున పాలు పుచ్చుకొనుడు, పండు తినుడు. దానికి ఎవరి యనుమతియు నక్కఱలేదు. భర్తృహీనయైన బంధువును పిలువక వ్రతము చేయకుడు. సంతానములేని కోడలిని వ్రతముతో బెదిరింపకుడు.

చంద్రుడు నెలకొకమారు క్షీణించుట సృష్టిధర్మము. ఆయనతో కూడ గృహిణియు క్షీణింపవలెనని యే పంచాంగమునందును వ్రాసియుండలేదు. ఆమె ఆరోగ్యముగా నున్న యింటనే దీపము నిలుకడగా వెలుగును. ఆ దీపమునకే దేవత లందఱును వత్తురు.